వంట కోర్సు చదివిన ఏడేళ్లకి

పదో తరగతి పాసైతే చేరగలిగే ఫుడ్ ప్రొడక్షన్ సర్టిఫికెట్ కోర్సు నాది. ఏడాది కాలేజీలో, ఆరు నెలలు హోటల్లో ట్రైనింగ్. 2017లో చేరి 2018 చివర్లో బయటికొచ్చాను. ఫీజు, యూనిఫాం, కత్తుల కిట్ అన్నీ కలిపి ఇంట్లో 60 వేల దాకా పెట్టారు. తర్వాత విశాఖలో ఒక హోటల్లో కామీగా, అంటే షెఫ్ కింద పనిచేసే జూనియర్ వంటవాడిగా చేశాను. 2020 లాక్‌డౌన్‌లో అమలాపురం దగ్గర మా ఊరొచ్చేసి, అప్పట్నించీ మా మావయ్యతో కలిసి పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి వంటలు చేస్తున్నాను. ఆ కోర్సులో చేరొచ్చా అని మా వైపు పిల్లలు అడుగుతూనే ఉంటారు, వాళ్ల కోసం ఇది.

ముందు కత్తి సంగతి. మా ఇళ్లలో కత్తిపీటే కదా, కాయని కత్తి దగ్గరికి తీసుకెళ్తాం. షెఫ్ కత్తి పట్టుకుంటే కాయ బల్ల మీద కదలకూడదు, కత్తే కదలాలి. ఎడంచేతి వేళ్లు లోపలికి ముడిచి, కణుపులకి ఆనించి కొయ్యడం ఒంటబట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. రోజూ క్యారెట్లే. అగ్గిపుల్లల్లా కోస్తే జూలియన్, ఆ పుల్లల్ని మళ్లీ అడ్డంగా చిన్న చిన్న ఘనాలుగా కోస్తే బ్రున్వాజ్. ముక్కలన్నీ ఒక్క సైజులో ఉంటేనే అన్నీ ఒక్కసారి ఉడుకుతాయని సార్ చెప్తే అప్పుడు తలూపాను. 500 మందికి గాడిపొయ్యి మీద ముక్కలపులుసు పెట్టిన రోజున గుమ్మడిముక్క ఒక్కటీ చెదరలేదు, ఒక్కటీ పచ్చిగా మిగల్లేదు. ఆ క్యారెట్ల విలువ ఆ రోజు తెలిసింది.

సాస్‌ల పాఠం నాకు బాగా నచ్చింది. బెషమెల్ అనే తెల్ల సాస్‌కి వెన్నలో మైదా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పిండి రేణువులు కొవ్వులో విడివిడిగా ఉంటాయి కాబట్టి ఉండ కట్టవు. మా అమ్మ పులుసులో బియ్యప్పిండిని చన్నీళ్లలో కలిపి పోసేది కూడా అందుకే! వేడి తగలకముందే పిండిని విడదియ్యడం. అమ్మ చేతిలో ఉన్నదానికి కారణం క్లాసులో దొరికింది.

అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది పరిశుభ్రత పాఠం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్న వంటకంలో క్రిములు జోరుగా పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోకపోవచ్చు. మా వైపు మధ్యాహ్నం మిగిలిన అన్నం రాశి పోసి గుడ్డ కప్పేసేవారు. రాశి నడుమ సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటుంది. ఇప్పుడు మేం విడతలుగా వండుతాం, రాత్రికి మళ్లీ కొత్తగా ఎసరు పెడతాం. పులిహోర మాత్రం పొద్దున్నే కలుపుతాం, చింతపండు పులుపు క్రిముల్ని అంత తొందరగా పెరగనివ్వదు. దద్దోజనానికి ఆ ధీమా పెట్టుకోం.

ఇక లెక్కలు. మావయ్య 30 ఏళ్లుగా చేత్తోనే అంచనా కట్టేవాడు. "ఎంత పడుద్దో చెయ్యికి తెలిసిపోద్దిరా" అనేవాడు. ఉప్పు దాకా అది నిజమే, పొంగుతున్న పులుసు వాసన బట్టి ఉప్పు చాల్లేదని చెప్పగలడు. ఆ విద్య ఏ కాలేజీలోనూ లేదు. కానీ ఒకసారి 10 కిలోల రొయ్యలు తల, పొట్టు తీశాక తూచి చూపించాను. 6 కిలోలు కూడా రాలేదు. అన్నాళ్లూ ఆయన ప్లేటు ధర కట్టింది చెరువు దగ్గర కొన్న బరువు మీద. రొయ్యల వేపుడున్న ప్రతి పెళ్లిలోనూ కష్టమంతా అక్కడే పోయేదన్న మాట. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు కాటా కొన్నాడు.

లోపాలూ చెప్పాలి. మా బ్యాచ్‌లో ఆరుగురికి ఒక పొయ్యి. ఒకరు వండితే ఐదుగురు చూడ్డమే. కోడిని ముక్కలుగా విడదీసే ప్రాక్టికల్ నా చేతికి రెండేసార్లు వచ్చింది. ట్రైనింగ్‌కి వెళ్లిన హోటల్లో ఆరు నెలల్లో నాలుగు నెలలు ఉల్లిపాయలు ఒలవడం, కూరగాయలు కొయ్యడం. నేను అడుగైనా పెట్టని బేకరీ పేరు కూడా ట్రైనింగ్ కాగితంలో రాసిచ్చారు. అది నాకు ఇప్పటికీ బాధే. ఉద్యోగంలో మొదటి జీతం 11 వేలు, భోజనం అక్కడే. రోజుకి పది పన్నెండు గంటలు నిలబడాలి.

మా వంట నేర్పకపోవడం ఇంకా పెద్ద లోటు. గోదావరి ఒడ్డున కూర్చుని పనీర్ మఖనీ నేర్చుకున్నాం గానీ పనసపొట్టు కొట్టడం నేర్చుకోలేదు. అది మావయ్య నేర్పాడు. చేతులకి నూనె రాసుకుని, కాయని తిప్పుతూ పెద్దకత్తితో కొడుతూ ఉండాలి. బరువు కత్తిదే, మన మణికట్టు వదులుగా ఉండాలి. ఆవపిండి దింపాకే కలపాలి, పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదెక్కుతుంది. ఇవి పాఠంలో ఉంటే బాగుండేది. అన్నదానంతో డొక్కా సీతమ్మగారు పేరు తెచ్చిన నేల ఇది, మన బడిభోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఇక్కడి పిల్లలకి ఇక్కడి వంట కూడా తూకంతో సహా నేర్పాలి.

మొత్తం మీద నేను పెట్టిన డబ్బు దండగ కాలేదు. ఇంట్లోనో, పెళ్లిళ్లలోనో అప్పటికే చెయ్యి తిరిగినవాళ్లకి ఈ చదువు బాగా పనికొస్తుంది. వంటగదిలో ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్లు ముందు ఒక సీజన్ వంట మేస్త్రి దగ్గర పనిచేసి, ఆ వేడీ ఆ నిలువుకాళ్ల పనీ పడతాయో లేదో చూసుకోండి. చేరేముందు కాలేజీవాళ్లని ప్రాక్టికల్ కిచెన్ చూపించమనండి. పొయ్యిలు లెక్కపెట్టండి, ఒక్కోదానికి ఎంతమందో అడగండి. కిందటి బ్యాచ్ పిల్లలిద్దరితో విడిగా మాట్లాడి, ట్రైనింగ్‌లో ఏ సెక్షన్లలో పెట్టారో కనుక్కుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.