ఇంగ్లిష్‌కి మూడు చుక్కలు, మార్జిన్‌లో ప్రశ్నలకి ఐదు

నా రీసెర్చ్ పేపర్ ఇంగ్లిష్ దిద్దడానికి ఇస్తే, ఎడిటింగ్ సర్వీస్ వాళ్లు ఏడు రోజుల్లో ఇస్తామని ఎనిమిదో రోజు రాత్రి పంపారు. రెండు ఫైళ్లు. ఒకటి దిద్దుబాట్లు అన్నీ కలిపేసిన శుభ్రమైన కాపీ, ఇంకొకటి ట్రాక్ చేంజెస్, అంటే ఏ మార్పు ఎక్కడ చేశారో రంగుతో చూపించేది. రెండోది తెరవగానే గుండె జారిపోయింది. పేజీ నిండా ఎరుపే. మూడేళ్లు చేసిన పని, నాలుగు నెలలు కూర్చుని రాసిన పేపర్, ఎవరో చిన్నపిల్లల చూచిరాత దిద్దినట్టు దిద్దేశారు. లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. మర్నాడు నెమ్మదిగా చూస్తే ఆ ఎరుపులో సగానికి పైగా ‘ఎ’, ‘ది’లే. మన భాషలో ఆర్టికల్స్ లేవు కదా, పెట్టాల్సిన చోట మానేసి అక్కర్లేని చోట పెట్టాను.

పేపర్‌ని జర్నల్‌కి పంపే ముందు భాష దిద్దించే సర్వీస్ ఇది. పేరు చెప్పను. నాకు దొరికిన ఎడిటరే మీకూ దొరుకుతారని ఆ కంపెనీయే మాట ఇవ్వడం లేదు, అలాంటప్పుడు కంపెనీ పేరు తెలిసి మీకు ఒరిగేదేం లేదు.

నా పేపర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. టమాటా విత్తనాలు ఉప్పునీటిలో ఎంత శాతం మొలకెత్తుతాయి, ముందుగా నానబెట్టి ఆరబెడితే ఏమైనా తేడా వస్తుందా అన్నది ప్రశ్న. నీటిలో ఉప్పు (సోడియం క్లోరైడ్) గాఢత 0, 50, 100, 150 మిల్లీమోలార్. నానబెట్టినవీ, నానబెట్టనివీ విడివిడిగా, ఒక్కో మోతాదుకీ నాలుగేసి పెట్రీ ప్లేట్లు, ప్లేట్‌కి 25 విత్తనాలు. ఈ నాలుగు ప్లేట్ల లెక్క కాస్త గుర్తుంచుకోండి.

ఇంగ్లిష్ బాగుపడింది, కాదనను. నాలుగు లైన్లు సాగే నా వాక్యాలు రెండుగా విరిగాయి. మెథడ్స్‌లో ఒకే వాక్యంలో ఒకసారి భూతకాలం, ఇంకోసారి వర్తమానం రాసిన చోట్లు సరిచేశారు. కానీ భాష నునుపుగా చెయ్యబోయి అర్థం జరిపేసిన చోట్లు నాకు నాలుగు దొరికాయి. అందుకే ఇంగ్లిష్‌కి ఐదింట్లో రెండు చుక్కలు కోసేశాను.

మొలక శాతంతో పాటు ప్రోలిన్ (ఉప్పు లాంటి ఒత్తిడిలో మొక్కల్లో పేరుకునే అమైనో ఆమ్లం) కూడా కొలిచాం. ప్రోలిన్ ఎక్కువున్న చోట మొలక శాతమూ ఎక్కువుంది, రెండింటికీ సంబంధం కనిపించింది అని రాశాను. తిరిగొచ్చిన కాపీలో ప్రోలిన్ పెరగడం వల్లే మొలక శాతం పెరిగిందని ఉంది! చదవడానికి వాక్యం చక్కగానే ఉంది. కానీ ఆ ‘వల్ల’ నిరూపించే ప్రయోగం మేం చెయ్యలేదు. ఇంకోచోట గణాంకపరంగా తేడా కనిపించలేదు అన్నదాన్ని రెండూ సమానం అని మార్చారు. నాలుగు ప్లేట్లతో తేడా పట్టుకోలేకపోవడం వేరు, తేడా లేదని తేలడం వేరు. ‘సిగ్నిఫికెంట్’ అన్న మాట మరీ ఎక్కువసార్లు వచ్చిందని కొన్నిచోట్ల తీసేసి, చెప్పుకోదగ్గంత అనే అర్థమొచ్చే ఇంకో మాట పెట్టారు. కథ రాసేటప్పుడు ఒకే మాట పదే పదే రాకూడదేమో గానీ, రిజల్ట్స్‌లో ఆ మాటకి ఒక్కటే అర్థం, తేడా గణాంక పరీక్షలో నిలబడిందని.

నాలుగోది అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే పేపర్ మొదట్లో ఉండే సారాంశంలో. జర్నల్ పరిమితి 250 పదాలు, నాది 312. వాళ్లు 248కి దించారు, భలే అనుకున్నాను. రెండోసారి చదివితే ‘100, 150 మిల్లీమోలార్ దగ్గర మాత్రమే’ అన్న ముక్క కనబడలేదు. నానబెట్టడం అన్ని మోతాదుల్లోనూ పనిచేసినట్టు తయారైంది. అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే చదివి పేపర్ గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది దొరక్కపోయి ఉంటే ఇబ్బందే అయ్యేది. శుభ్రమైన కాపీ చూసి మురిసిపోయి దాన్నే అప్‌లోడ్ చెయ్యకండి. ట్రాక్ చేంజెస్ ఫైల్‌లో ఒక్కో మార్పూ చూసి ఒప్పుకోండి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక ఐదు చుక్కల సంగతి. మార్జిన్‌లో 17 కామెంట్లున్నాయి. తొమ్మిదోది ఒక్క లైను: “n = 100 అంటే విత్తనాలా, ప్లేట్లా?”

n అంటే లెక్కలోకి వచ్చే విడివిడి నమూనాల సంఖ్య. మొదట చిరాకేసింది. నాలుగు ప్లేట్లు, ఇరవై ఐదేసి విత్తనాలు, నూరు కాక ఏమవుతుంది? జవాబు టైప్ చేస్తూ మధ్యలో ఆగిపోయాను. ఒక ప్లేట్‌లో ఉన్న 25 విత్తనాలూ అదే కాగితం మీద, అదే నీటిలో, అదే మూత కింద ఉన్నాయి. ఆ ప్లేట్ కొంచెం ఎండినా, బూజు పట్టినా అన్నిటికీ కలిసే పడుతుంది. అంటే అవి నూరు వేర్వేరు సాక్ష్యాలు కావు. నేను ఉప్పునీరు పోసింది ప్లేట్‌కి, విత్తనానికి కాదు. n అంటే నాలుగే. నేనేమో విత్తనాలన్నీ ఒక కుప్పగా పోసి కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష చేశాను. దీనికి సూడోరెప్లికేషన్ అని పేరుంది, క్లాసులో చదువుకున్నదే. సొంత ఎక్సెల్ షీట్‌లో మాత్రం కనబడలేదు.

ప్లేట్‌ని లెక్కలోకి తీసుకుని మళ్లీ విశ్లేషణ చేశాను. 150 దగ్గర తేడా నిలబడింది. 100 దగ్గర పి విలువ (మామూలుగా 0.05 కన్నా తక్కువుంటేనే తేడా ‘సిగ్నిఫికెంట్’ అంటారు) 0.03 నుంచి 0.09కి వెళ్లింది, గ్రాఫ్‌లో ఆ కమ్మీ నెత్తిన ఉన్న నక్షత్రం ఎగిరిపోయింది. డిస్కషన్‌లో ఒక పేరా మొత్తం కొట్టేశాను. మా గైడ్ మేడమ్‌కి చెప్తే, “రివ్యూయర్ చెప్పాల్సింది ఎడిటర్ చెప్పాడు, సంతోషించు” అన్నారు. ఒక పూట పట్టింది సంతోషించడానికి.

పన్నెండో కామెంట్ కూడా ఇలాంటిదే: ఎర్రర్ బార్స్ (గ్రాఫ్‌లో కమ్మీల మీద ఉండే సన్నని గీతలు) ఎస్‌డీనా (స్టాండర్డ్ డీవియేషన్), ఎస్‌ఈనా (స్టాండర్డ్ ఎర్రర్)? ఫిగర్ కింద రాయలేదు నేను. ఎస్‌డీని n వర్గమూలంతో భాగిస్తే ఎస్‌ఈ వస్తుంది. మా n నాలుగు కాబట్టి ఎస్‌ఈ సరిగ్గా ఎస్‌డీలో సగం. అదే డేటా, బార్ పొడవు మాత్రం సగం, చూసేవాడికి ప్రయోగం రెండింతలు కచ్చితంగా కనబడుతుంది. తీరా చూస్తే రెండో ఫిగర్‌లో ఎస్‌ఈ, మూడో ఫిగర్‌లో ఎస్‌డీ వేసి కూర్చున్నాను. మిగతా కామెంట్లలో టేబుల్‌లో ఒక అంకె, టెక్స్ట్‌లో ఇంకో అంకె ఉన్నాయని చెప్పినవి మూడు. అన్నీ నిజమే.

డబ్బు దండగైనవీ చెప్పాలి. జర్నల్ ఫార్మాట్‌లోకి మార్చడానికి విడిగా తీసుకున్నారు. తీరా జర్నల్ సైట్ చదివితే మొదటిసారి పంపేటప్పుడు ఏ ఫార్మాట్‌లో ఉన్నా పరవాలేదని ఉంది. ఈ మధ్య చాలా జర్నళ్లు అలాగే తీసుకుంటున్నాయి, ముందు అది చూసుకోండి. ఫిగర్ల క్వాలిటీ పెంచుతామన్నారు. నా ఎక్సెల్ బొమ్మనే సాగదీసి 300 డీపీఐ అని రాసి పంపారు, అక్షరాలు అంతే మసక. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ గీసి, ఎంత పెద్దది చేసినా మసకబారని వెక్టర్ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే అరగంటలో అయిపోయింది. పనిలో పనిగా ఎరుపు-ఆకుపచ్చ జంట మార్చి నీలం-నారింజ పెట్టాను, రంగులు వేరుగా కనిపించని వాళ్లు కూడా చదువుతారు కదా.

అన్నిటికన్నా ఒళ్లు మండింది రిఫరెన్సుల దగ్గర. రిఫరెన్సులు సర్దిపెట్టుకోవడానికి నేను జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, ఉచితమే, నాకు దానితో పేచీ లేదు. ఎడిటింగ్‌లో ఎక్కడ ఏం చేశారో గానీ సైటేషన్ల వెనకుండే లింకులన్నీ తెగిపోయి మామూలు అక్షరాలుగా మారాయి. 46 రిఫరెన్సులు మళ్లీ ఒక్కొక్కటిగా పెట్టాను. పంపే ముందు లింకులున్న కాపీ ఒకటి పక్కన దాచుకుని, వాళ్ల మార్పులు అందులోకి ఎక్కించుకోవడమే తెలివైన పని.

ఎడిటింగ్ చేశామని ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, దాన్ని జతచేసి పంపాను. ఎక్నాలెడ్జ్‌మెంట్స్‌లో భాష దిద్దించుకున్న సంగతి రాశాను. భాష దిద్దినంత మాత్రాన ఎవరూ రచయిత అయిపోరు, అలాగని దాచాల్సిన విషయమూ కాదు. ఐదు వారాలకి ఇద్దరు రివ్యూయర్ల నుంచి కామెంట్లొచ్చాయి, మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని. n గురించి, ఎర్రర్ బార్స్ గురించి ఒక్క మాట లేదు. ఒకాయన మాత్రం ఇంగ్లిష్ ఎవరైనా బాగా వచ్చినవాళ్లకి చూపించమని రాశారు. ఆ లైను చూసి నేనూ మేడమ్ చాలాసేపు నవ్వుకున్నాం.

రివిజన్‌కి మళ్లీ అదే సర్వీస్‌కి రాశాను, ఆ తొమ్మిదో కామెంట్ పెట్టిన ఎడిటరే కావాలని. ఆయనకి ఇప్పుడు ఖాళీ లేదు, వేరే వాళ్లకి ఇస్తామన్నారు. వద్దని చెప్పాను. ఆయనకి ఎప్పుడు వీలవుతుందో అడిగి పెట్టాను, రివిజన్‌కి ఇంకా 40 రోజుల గడువుంది.