తిబెరి కైసరు దేనారం నమూనా సెట్: రెండు నెలలు వాడాక నా మాట

సండే స్కూల్లో పెద్ద పిల్లలకి మార్కు సువార్త చెబుతున్నాను. పన్నెండో అధ్యాయంలో, కైసరుకి (రోమా చక్రవర్తికి) పన్ను కట్టాలా అని అడిగితే యేసు ఒక దేనారం, అంటే రోమా వెండి నాణెం, తెప్పించి దాని మీది బొమ్మ ఎవరిదని అడిగి "కైసరువి కైసరునకును" అన్న చోటికి వచ్చేసరికి ఒక అబ్బాయి "ఆ దేనారం ఎలా ఉంటుంది టీచర్" అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆన్‌లైన్‌లో ఈ రోమా నాణేల నమూనా సెట్ తెప్పించాను. రెండు నాణేలు, ఒక చిన్న కరపత్రం, తొమ్మిది వందల రూపాయలు.

మొదటిది యేసు కాలంలో రోమాను ఏలిన తిబెరి కైసరు దేనారం. అసలువి వెండివి, దాదాపు 3.8 గ్రాములు ఉండేవి. ఇది ఏదో మిశ్రమలోహం, మా వీధి బంగారం కొట్లో తూకం వేయిస్తే 3.1 వచ్చింది. అచ్చు మాత్రం చాలా బాగుంది, కైసరు తల మీద ఆకుల దండ, మెడ మీదకి వేలాడే దాని ముడి కొసలు కూడా తెలుస్తున్నాయి. చుట్టూ లాటిన్ అక్షరాలు, సగం మాటలు కుదించి చెక్కారు. కూడబలుక్కుని చదివితే, దేవుడైన ఔగుస్తు కుమారుడు తిబెరి కైసరు అని (ఔగుస్తు ఇతనికి ముందు ఏలిన కైసరు).

అది చదివినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ద్రాక్షతోటలో రోజంతా పనిచేసిన కూలీ చేతిలో పడే డబ్బు మీద, తను దేవుడి కొడుకునని రాజు రాయించుకున్నాడు! మార్కు మొదటి వాక్యమేమో "దేవుని కుమారుడైన యేసు క్రీస్తు సువార్త" (కొన్ని పాత ప్రతుల్లో "దేవుని కుమారుడైన" లేదు, అదీ పిల్లలకి చెప్పాను). సువార్త అనే మాట కూడా అప్పటికే రాజుల కోసం వాడుతున్నదే, క్రీ.పూ. 9 నాటి ప్రియేనే శాసనం (ఇప్పటి టర్కీలో ఉన్న ఒక పాత గ్రీకు పట్టణంలో దొరికింది) ఔగుస్తు పుట్టినరోజునే లోకానికి శుభవార్తల ఆరంభం అంటుంది. అలాంటి మాటల్ని తీసుకెళ్లి మార్కు ఒక గలిలయ వడ్రంగికి పెట్టాడు, చివర్లో సిలువ ఎదుట నిలబడ్డ రోమా శతాధిపతి (వందమంది సైనికుల మీద అధికారి) నోటే "నిజముగా ఈ మనుష్యుడు దేవుని కుమారుడే" అనిపించాడు. ఆ వచనం చదివిస్తూ నాణెం చేతి నుంచి చేతికి తిప్పాను, క్లాసంతా నిశ్శబ్దం.

రెండోది తర్వాతి రోమా చక్రవర్తుల్లో ఒకడైన వెస్పాసియను పెద్ద కంచు నాణెం. క్రీ.శ. 70లో రోమా సైన్యం చేతిలో యెరూషలేము, దేవాలయం కూలాక వేయించింది. మధ్యలో ఖర్జూర చెట్టు, దాని కింద తల చేతికి ఆనించి ఏడుస్తున్న స్త్రీ, పట్టుబడిన యూదయ అని రాత. నాకొచ్చిన నమూనాలో ఆవిడ ముఖం అసలు అచ్చు పడలేదు, ముద్దలా ఉంది. ఫోటో పంపి మార్చమంటే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. ఈ నాణెంలో చూడాల్సిందే ఆ ముఖం కాబట్టి నాకు బాధేసింది.

మార్కు ఆ 70 చుట్టుపక్కలే రాశాడని, సువార్తలు రాసిన మిగతా ముగ్గురూ, మత్తయి, లూకా, యోహాను, ఆ తర్వాతని చాలామంది పండితుల లెక్క. యూదయ నుంచి లోకాన్ని ఏలేవాడు వస్తాడన్న ప్రవచనం వెస్పాసియను గురించేనని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన కాలం అది. అలాంటప్పుడు రోమా వాళ్లే సిలువేసి చంపిన మనిషి మెస్సీయ, అంటే యూదులు ఎదురుచూసిన రాజు, అని రాయాలి, రాసి ప్రాణాలతో ఉండాలి. అందుకే లూకా, యేసుకి సిలువ శిక్ష వేసిన రోమా అధికారి పిలాతు చేత మూడుసార్లు ఈయనలో నేరం లేదనిపించాడు, మత్తయి ఆ పాపం తనది కాదన్నట్టు అతని చేత చేతులు కడిగించాడు. దాంతో నింద యూదుల మీదకి మళ్లింది, తర్వాత శతాబ్దాల పాటు వాళ్లు దాని ఫలితం అనుభవించారు, ఇది పిల్లల దగ్గర దాచకూడదు అంటాను నేను. యేసు యెరూషలేముకి వస్తుంటే జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురెళ్లారని చెప్పింది యోహాను ఒక్కడే, అది చదివేటప్పుడు ఈ నాణెం మీది చెట్టు పక్కన పెట్టుకుని చూడండి. దయ్యం పట్టినవాడి కథలో, యేసు అడిగితే చెప్పిన పేరుని మన తెలుగు బైబిలు "సేన" అంటుంది కానీ గ్రీకులో ఉన్నది లెగియోను, రోమా పటాలం పేరే. యెరూషలేమును ముట్టడించిన పదో లెగియోను గుర్తుల్లో అడవిపంది ఒకటని తెలిశాక ఆ దయ్యాలు పందుల మందలోకి దూరి, మందంతా నీళ్లలో పడి చచ్చే ఘట్టాన్ని మామూలుగా చదవలేకపోతున్నాను.

కరపత్రం ఇంగ్లీషులోనే ఉంది, పైగా యేసుకి చూపించింది సరిగ్గా ఈ నాణేన్నే అని ధీమాగా రాశారు. అది ఏ కైసరు బొమ్మో సువార్తలు చెప్పలేదు, కాబట్టి పిల్లలకి ఇచ్చే ముందు ఆ వాక్యం కొట్టేయండి. పెట్టె అట్టది, దారిలోనే మూల నలిగింది.

దేనారం ఒక్కటే విడిగా దొరికితే కళ్లు మూసుకుని కొనండి, అయిదుకి అయిదు. పెద్ద నాణేనికి మాత్రం రెండే ఇస్తాను. మేం త్వరలో యోహాను పందొమ్మిదో అధ్యాయం మొదలుపెడతాం, ప్రధానయాజకులు పిలాతుతో "కైసరు తప్ప మాకు వేరొక రాజు లేడు" అన్న చోటికి వచ్చేలోపు ఆ పెద్ద నాణెం వేరే చోట ఇంకోటి వెతకాలి, ఈసారి ఆవిడ ముఖం ఫోటో తెప్పించుకున్నాకే డబ్బు కడతాను.