పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీ: క్లాసుకి ఐదు స్టార్లు, మిగతావాటికి ఆలోచించి ఇవ్వాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎంఎస్ రివ్యూ కాదు. బీటెక్ అయ్యాక అమెరికా వెళ్లేవాళ్లకి దీనితో పెద్దగా పని లేదు. ఇంటర్ అవగానే డిగ్రీకే అక్కడికి వెళ్దామనుకునే పిల్లల కోసం, వాళ్లకన్నా ఎక్కువ టెన్షన్ పడుతున్న అమ్మానాన్నల కోసం రాస్తున్నా. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మ్యాథ్స్ మైనర్ (రెండో సబ్జెక్టు) చేసి బయటికొచ్చా. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి దాని పేరు చెప్పను, అయినా ఈ రకం యూనివర్సిటీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయని వేరే చోట్ల చదివిన వాళ్లతో మాట్లాడాక అర్థమైంది.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అనగానే అక్కడ ఎవరికైనా గుర్తొచ్చేవి విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటి ప్రైవేటు కాలేజీలు, వాటి ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. చిన్న క్లాసులు, డిగ్రీ పిల్లల మీదే దృష్టి, మేజర్ ఏదైనా సైన్సు నుంచి చరిత్ర దాకా అన్నీ కొంతకొంత చదివించడం, ఇదే పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వాల యూనివర్సిటీలు కొన్ని నడుపుతున్నాయి. మిస్సోరీలో ట్రూమన్ స్టేట్, న్యూయార్క్‌లో జెనెసియో, మిన్నెసోటాలో మోరిస్, నార్త్ కరోలినాలో యాష్‌విల్, ఇలాంటివి. వీటికి కోప్లాక్ అని ఒక సంఘం కూడా ఉంది, 1987లో పెట్టారు. చాలావాటి చరిత్ర తిరగేస్తే ఒకప్పటి టీచర్ ట్రైనింగ్ కాలేజీలే. ట్రూమన్ కూడా 1867లో అలాగే మొదలైంది, 1985లో మిస్సోరీ శాసనసభ దాన్ని రాష్ట్రం మొత్తానికి లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీగా మార్చాలని చట్టం చేసింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాఠం చెప్పడమే ప్రధానమైన పని అనే అలవాటు వీటికి పాతకాలం నుంచీ ఉంది, అది క్లాసులో కూర్చుంటే కనిపిస్తుంది.

ఫీజు సంగతి త్వరగా చెప్పేస్తా. పబ్లిక్ అంటే ఆ రాష్ట్రం వాళ్లకి చవక, మనకి కాదు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఎన్నేళ్లున్నా దాదాపు ఎక్కడైనా బయటి రాష్ట్రం వాళ్ల ఫీజే కట్టాలి. నాకు స్కాలర్‌షిప్ పోను ట్యూషన్, హాస్టల్ గది, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 22 వేల డాలర్ల చుట్టుపక్కల అయ్యింది. స్కాలర్‌షిప్ లేకపోతే నేనైతే వెళ్లేవాణ్ణి కాదు, మిమ్మల్నీ వెళ్లమని చెప్పను.

ఇక అసలు సరుకు, క్లాసు. మా దగ్గర ఫస్టియర్లో ముప్పై మంది ఉంటే అది పెద్ద క్లాసు, పై కోర్సుల్లో పది పన్నెండు మందికి మించరు. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చేరిన నా ఇంటర్ ఫ్రెండు ఇదే ఎకనామిక్స్ కోర్సుని ఆడిటోరియంలో వందల మంది మధ్య విన్నాడు, వాడి డౌట్లు తీర్చిందీ పేపర్లు దిద్దిందీ పీహెచ్‌డీ స్టూడెంట్లు. మా దగ్గర పీహెచ్‌డీ స్టూడెంట్లే లేరు కాబట్టి పాఠం చెప్పేది, పేపర్ దిద్దేది, ఆఫీస్ అవర్స్‌లో, అంటే డౌట్లు అడగడానికి పెట్టిన టైంలో, తలుపు తీసిపెట్టుకుని కూర్చునేది ఒకే మనిషి. ఆ తలుపు దగ్గరికి వెళ్లడానికి మనవాళ్లు భయపడతారు, ఏదో తప్పు చేస్తేనే స్టాఫ్‌రూమ్‌కి పిలుస్తారన్న అలవాటు మరి. వెళ్లండి. అక్కడ అరగంట కూర్చుంటే వారం క్లాసులకన్నా ఎక్కువ పని జరుగుతుంది.

పది మంది ఉన్న గదిలో దాక్కోవడానికి చోటుండదు. చదవకుండా వెళ్తే ఐదు నిమిషాల్లో దొరికిపోతారు. పైగా మొత్తం మార్కుల్లో పదో పదిహేనో శాతం నోరు తెరిచి మాట్లాడినందుకే ఉంటాయి, రెండేళ్లు కార్పొరేట్ కాలేజీలో తల ఎత్తకుండా మెటీరియల్ బట్టీ కొట్టి వచ్చిన వాళ్లకి మొదటి సెమిస్టర్ నరకమే. పక్కనున్న అమెరికన్ పిల్లలు సగం తెలిసిన విషయం మీద కూడా ధీమాగా పది నిమిషాలు మాట్లాడేస్తారు, మనం పూర్తిగా తెలిసినా ఒకసారి మనసులో ఇంగ్లిష్ సరిచూసుకునేలోపు చర్చ వేరే చోటికి వెళ్లిపోతుంది. దీనికి మందేమీ లేదు, అలవాటు పడటమే.

రాయించడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బు కట్టింది దీనికే అనిపిస్తుంది ఇప్పుడు. సెకండియర్లో జనరల్ ఎడ్యుకేషన్, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సుల కోటా కింద తీసుకున్న అమెరికన్ హిస్టరీలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం మీద పేపర్ రాయాల్సి వచ్చింది. 160 ఎకరాలు ఇస్తారు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేసుకుంటే సొంతం. భూమి మీద హక్కు ఇస్తే పెట్టుబడి పెడతారని ఎకనామిక్స్‌లో చదివింది దానికి అన్వయించి డ్రాఫ్ట్ ఇచ్చా. మేడమ్ మార్జిన్లో పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు రాసి తిప్పి ఇచ్చింది: ఈ భూమి అంతకుముందు ఎవరిది? వానలు లేని చోట 160 ఎకరాలు ఏ మూలకి? మొదటి ప్రశ్న నన్ను స్థానిక తెగలతో చేసుకున్న ఒప్పందాల దగ్గరికి తీసుకెళ్లింది, రెండోది 1909లో మెట్ట ప్రాంతాలకి 320 ఎకరాలకి పెంచిన ఇంకో చట్టం దగ్గరికి. మా తాతది మెట్ట పొలమే, వాన లేని నేలలో ఎకరాల లెక్క వేరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ ఇంట్లో తెలిసిన విషయం చదువులో ప్రశ్నగా పనికొస్తుందని అంతవరకు ఏ క్లాసూ చెప్పలేదు. ఆ పేపర్ ఫైనల్ అయ్యేసరికి మొదటి డ్రాఫ్ట్‌లో ఒక్క పేరా కూడా మిగల్లేదు. ప్రతి డ్రాఫ్టూ ఆవిడే చదివింది. మూడొందల మంది క్లాసులో ఇది కుదిరే పని కాదు, వాళ్లకి మనసు లేక కాదు, టైం ఉండదు.

ఆ జనరల్ ఎడ్యుకేషన్ మొత్తం ఇంత బాగుంటుందని కాదు. డిగ్రీకి కావాల్సిన 120 క్రెడిట్లలో మా దగ్గర దాదాపు మూడో వంతు దానికే పోతాయి. జియాలజీ ల్యాబ్, స్టాటిస్టిక్స్, ఫిలాసఫీ నాకు నచ్చాయి. ఆర్ట్ కోటా కింద తీసుకున్న ఒక కోర్సు మాత్రం స్లైడు మీద స్లైడు తిప్పి పేర్లు, తేదీలు అడగడమే, అచ్చం మన బిట్ పేపర్. ఎవరు చెప్తున్నారో సీనియర్లని అడిగి తీసుకోవాలి, కోర్సు పేరు చూసి కాదు.

పీహెచ్‌డీ స్టూడెంట్లు లేకపోవడం వల్ల ఇంకో లాభం, ప్రొఫెసర్ రీసెర్చ్‌లో చేతికింద పని డిగ్రీ పిల్లలకే వస్తుంది. ఒక వేసవి అంతా పల్లె ఆసుపత్రులు మూతపడిన కౌంటీల్లో ఇళ్ల ధరలు ఏమయ్యాయో చూసే పనిలో డేటా శుభ్రం చేశా, జీతం ఇచ్చారు కూడా. డిగ్రీ పిల్లలు తమ రీసెర్చ్ చెప్పుకునే జాతీయ సదస్సు ఒకటుంది, ఎన్‌కర్ అంటారు, అది 1987లో మొదలైంది కూడా యాష్‌విల్ క్యాంపస్‌లోనే. పీజీకి అప్లై చేసేటప్పుడు ఈ పని, ఆ ప్రొఫెసర్ రాసిన సిఫార్సు లేఖ నా జీపీఏ కన్నా ఎక్కువ పనికొచ్చాయి. పేరు, గ్రేడు తప్ప ఇంకేమీ తెలియని మనిషి రాసే లేఖకీ దీనికీ తేడా చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇప్పుడు తిట్లు. అన్నిటికీ కారణం ఒకటే, యూనివర్సిటీ చిన్నది కావడం. ఏ చిన్న సైజు వల్ల ప్రొఫెసర్‌కి నా పేరు తెలుసో, ఆ చిన్న సైజు వల్లే డిపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు మనుషులు, ఒకరు సబాటికల్ (ప్రొఫెసర్లకిచ్చే దీర్ఘకాలపు సెలవు) మీద వెళ్తే వాళ్లు చెప్పే కోర్సు ఆ ఏడాది ఉండదు. క్యాటలాగ్‌లో కోర్సులు కల్యాణ మండపం భోజనాల లిస్టులా ఉంటాయి, నిజంగా వడ్డించేవి అందులో సగం. కొన్ని రెండేళ్లకోసారి పెడతారు. నాకు కావాల్సిన పై స్థాయి ఎకనోమెట్రిక్స్ (ఎకనామిక్స్‌కి వాడే స్టాటిస్టిక్స్) సరైన సెమిస్టర్లో పెట్టనేలేదు, చివరికి ఒక సార్ ఇండిపెండెంట్ స్టడీ కింద విడిగా చెప్పాడు. ఆయన మంచితనం అది, వ్యవస్థ కాదు. చేరే ముందు క్యాటలాగ్ కాదు, గత రెండేళ్ల సెమిస్టర్ షెడ్యూళ్లు తెప్పించుకుని చూడండి.

రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో నడిచేదానికి రాష్ట్ర రాజకీయాలు కూడా తగులుతాయి. పిల్లలు తగ్గినా, బడ్జెట్ తగ్గినా మొదట కత్తి పడేది చిన్న డిపార్ట్‌మెంట్ల మీదే. యాష్‌విల్‌లో 2024లో డ్రామా, ఫిలాసఫీ, మత అధ్యయనాలు లాంటి కోర్సులు ఎత్తేయాలని నిర్ణయించారు. ఫ్లోరిడాలో న్యూ కాలేజ్‌కి 2023లో గవర్నర్ పాలకమండలిలో కొత్త ట్రస్టీలని వేశాక జరిగిన గొడవ పేపర్లలో వచ్చిందే. మీ మేజర్‌లో ఎంతమంది ఉన్నారో అడగడానికి మొహమాటపడకండి.

ఊరు... రెండు స్టార్లు. విమానాశ్రయం గంటల దూరం, కారు లేకపోతే క్యాంపస్సే ప్రపంచం, జనవరిలో చలి గురించి రాస్తే ఇంకో రివ్యూ అవుతుంది. క్రిస్మస్ సెలవుల్లో చాలా హాస్టళ్లు మూసేస్తారు, ఉండాలంటే ముందే పర్మిషన్, పైన డబ్బు, అప్పుడు మెస్ కూడా ఉండదు. ఈ విషయం చేరే ముందు ఎవరూ చెప్పరు. సెమిస్టర్లో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు, నేను రైటింగ్ సెంటర్లో చేశా, అమెరికన్ పిల్లల వ్యాసాలు నేను సరిచూస్తున్నానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

తల్లిదండ్రులకి ఒక మాట. పేరెంట్స్ మీటింగులు, ప్రోగ్రెస్ కార్డులు ఉండవు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం పిల్లల రాతపూర్వక అనుమతి లేకుండా మార్కులు మీకు చెప్పకపోవడం మామూలు. మా నాన్న రిజిస్ట్రార్‌కి నేరుగా మెయిల్ పెడితే చాలా మర్యాదగా "మీ అబ్బాయినే అడగండి" అని జవాబొచ్చింది. ఆ మెయిల్ మా ఫ్యామిలీ గ్రూపులో ఏడాది పాటు తిరిగింది.

ఉద్యోగాల విషయంలో మూడుకి మించి ఇవ్వలేను. కెరీర్ ఫెయిర్‌కి వచ్చేవి ఎక్కువగా ఆ రాష్ట్రం కంపెనీలు, వీసా అనగానే మర్యాదగా నవ్వి పెన్ను ఇచ్చి పంపేస్తాయి. హైదరాబాద్‌లో హెచ్ఆర్‌కి ఆ యూనివర్సిటీ పేరు ఎప్పుడూ విన్నట్టుండదు. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. ఎకనామిక్స్‌లో ఇక్కడే మెలిక ఉంది: వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద మీ కోర్సు కోడ్ 45.0603 అని ఉంటే అది స్టెమ్, 45.0601 అని ఉంటే కాదు. రెండు యూనివర్సిటీల్లో పాఠాలు ఇంచుమించు ఒకటే అయినా ఈ నంబరు వల్ల రెండేళ్లు తేడా వస్తుంది. అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

కంప్యూటర్ సైన్సే కావాలి, క్యాంపస్ ప్లేస్‌మెంటే ముఖ్యం అనుకునేవాళ్లు డబ్బు ఇటు పెట్టకండి, పెద్ద స్టేట్ యూనివర్సిటీలే మేలు. ఏం చదవాలో ఇంకా తేలక, చదవడం మీద మాత్రం ఇష్టం ఉండి, తర్వాత ఎలాగూ పీజీ చేద్దామనుకునేవాళ్లు అయితే చూడొచ్చు. చేరేముందు ఆఫర్ లెటర్లో స్కాలర్‌షిప్ షరతులు కూడా చదవండి, చాలాచోట్ల ప్రతి ఏడాదీ ఫలానా జీపీఏ నిలబెట్టుకుంటేనే కొనసాగుతుంది, ఆ అంకె ఎంత, ఒక సెమిస్టర్ తగ్గితే మళ్లీ అవకాశం ఇస్తారా అన్నది డిపాజిట్ కట్టకముందే అడగాలి.