బెండు మునిగితే గుంజొద్దు

అమెరికాలో, టెన్నెసీలోని మెంఫిస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు, అంటే 2007, 2008 ప్రాంతంలో, మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం. పేర్లకన్నా ఊళ్ళతోనే పిలుచుకునేవాళ్ళం. గుడివాడ, ఖమ్మం, నెల్లూరు, నేనేమో ఏలూరు. ఖమ్మంగాడి ల్యాబ్‌లో పనిచేసే ఒక టెన్నెసీ పెద్దాయన వాడికి క్రాపీ అనే చేపని గాలమేసి పట్టే పిచ్చి అంటించాడు, వాడు మాకు అంటించాడు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి 'క్ర్యాపీ' అన్నామంటే అక్కడివాళ్ళు నవ్వుతారు. 'క్రాపీ' అనాలి. అరచేయంత వెడల్పు, పలచటి ఒళ్ళు, వెండి పొలుసుల మీద నల్లచుక్కలు. తెల్లది, నల్లది అని రెండు రకాలు.

మొదట వెళ్ళింది మిసిసిపీలోని సార్డిస్ లేక్‌కి. ఐ-55 హైవే మీద దక్షిణానికి గంట ప్రయాణం. వరదల్ని ఆపడానికి కట్టిన డ్యామ్ అది. కింద నీళ్ళు వదిలే చోట గట్టుమీదే కూర్చుని గాలం వెయ్యొచ్చు, పడవ ఖర్చుండదు. చేతిలో డబ్బుల్లేని స్టూడెంట్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. కాకపోతే శనివారం జనం భుజాలు రాసుకుంటూ నిలబడతారు. దగ్గర్లో దిగిన మోటెల్ మాత్రం దండగ. మంచం మీద కూర్చుంటే కిర్రుమంటుంది, దుప్పట్లకి సిగరెట్ కంపు. పొద్దున్నే చేపల వాసనకి 40 డాలర్లు అదనంగా వేశారు. అందులో తప్పు మాదే లెండి, బాత్‌టబ్‌లో చేపలు కడిగాం.

ఇంకాస్త కిందికి వెళ్తే ఎనిడ్, గ్రెనడా అనే ఇంకో రెండు లేకులు. పెద్ద చేపలు కావాలంటే అక్కడికే వెళ్ళాలి. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు ఎనిడ్ డ్యామ్ దగ్గర 1957లో పడింది, అయిదు పౌండ్ల మూడు ఔన్సులు. మేం గ్రెనడాలో గైడ్‌ని పెట్టుకుని ఒకసారి వెళ్ళాం. పడవ ముందు వరసగా ఎనిమిది గాలం కర్రలు సాలెపురుగు కాళ్ళలా బిగించి నెమ్మదిగా నడిపాడు. చేపలు బాగానే పడ్డాయి. కానీ కర్రలన్నీ ఆయనే చూసుకున్నాడు, మేం పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా కూర్చున్నాం. జేబులు ఖాళీ అయ్యాయి.

మేం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది మాత్రం రీల్‌ఫుట్ లేక్‌కే. టెన్నెసీకి వాయవ్యం మూల, మెంఫిస్ నుంచి హైవే 51 మీద డయర్స్‌బర్గ్ దాకా పోయి, అక్కణ్ణుంచి టిప్టన్‌విల్ దారి పట్టాలి. రెండు గంటలు చాలు. 1811-12 చలికాలంలో వచ్చిన న్యూ మాడ్రిడ్ భూకంపాలకి నేల కుంగి, అడవి మునిగి ఏర్పడ్డ చెరువు అది. అప్పుడు మిసిసిపీ నది కాసేపు వెనక్కి పారిందట. నీళ్ళు చాలాచోట్ల అయిదారు అడుగులే. సైప్రస్ చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. నీటి కింద పాత మొద్దులు బోలెడు.

ఏప్రిల్‌లో నీళ్ళు వెచ్చబడగానే క్రాపీలు గుడ్లు పెట్టడానికి ఆ చెట్ల మొదళ్ళకి చేరతాయి. బెండు కట్టి, రెండు మూడడుగుల లోతులో బతికున్న మిన్నో చేపపిల్లని వేలాడదీస్తే చాలు. ఏలూరు కాలవ గట్టున పెరిగినవాణ్ణి, నాకు గాలం కొత్తా? బెండు మునిగీ మునగ్గానే ఒక్క గుంజు గుంజాను. కొక్కెం ఖాళీగా వచ్చింది. అలా నాలుగు పోయాయి. క్రాపీ నోరు కాగితంలా ఉంటుంది, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. కర్ర మెల్లగా పైకెత్తాలంతే. పడవంతా "గుంజొద్దురా ఏలూరూ" అని ఒకటే అరుపులు. ఇప్పటికీ ఎవడైనా ఉద్యోగం మారతానని తొందరపడితే మిగతా ముగ్గురం అనే మాట అదే.

అక్కడ దిగిన ఫిషింగ్ క్యాంపులో గది, పడవ, మోటారు కలిపి ఒకటే రేటు. గది గొప్పగా ఏమీ ఉండదు. హీటర్ పనిచేస్తే పొగ వాసన, పనిచెయ్యకపోతే వణుకు. అయినా చేపలు శుభ్రం చేసుకోవడానికి బయట నీళ్ళ గొట్టంతో, లైటుతో వేరే షెడ్డుంది. బాత్‌టబ్ గొడవ తర్వాత మాకు అదే ఫైవ్ స్టార్. క్యాంపు ముసలాయన పడవ ఇచ్చేటప్పుడు ఒక పొగాకు డబ్బా కూడా చేతిలో పెట్టాడు. తెరిస్తే ప్రొపెల్లర్ పిన్నులు! ఎందుకో సాయంత్రానికి తెలిసింది. మొద్దు తగిలి రెండు విరిగాయి. నెల్లూరు కడుపు మీద బోర్లా పడుకుని పిన్ను మారుస్తుంటే, గుడివాడేమో వాడి కాళ్ళు పట్టుకున్నాడు.

తిండి సంగతి. చుట్టుపక్కల హోటళ్ళలో క్యాట్‌ఫిష్ వేపుడు, మొక్కజొన్న పిండి ఉండలు, బీన్స్ పెడతారు. ఉప్పు తగ్గినా కడుపు నిండుతుంది. మేం మాత్రం పులుసు పెట్టి బోల్తాపడ్డాం. క్రాపీ కొర్రమీనులా గట్టిగా నిలబడదు, పులుసులో విడిపోయి కనబడకుండా పోయింది. వేపుడుకి తిరుగులేదు. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి. ముసలాయనకి రెండు ముక్కలిచ్చాం. మొహం ఎర్రబడింది, గ్లాసుడు నీళ్ళు తాగాడు, మళ్ళీ పళ్ళెం చాపాడు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. టెన్నెసీ లైసెన్సు మిసిసిపీలో చెల్లదు, విడిగా తీసుకోవాలి. ఏప్రిల్ గదులు చాలా ముందే అయిపోతాయి. మూకుడు మాత్రం ఇంటినుంచే తీసుకెళ్ళండి, అక్కడి పెనాలకి వేపుడు అంటుకుపోతుంది.