కొత్త కేసు తీస్కోడం ఎక్కడ నేర్చుకుంటే మేలు: పెద్ద దవాఖాన ఓపీనా, హెల్ప్‌లైనా, జిల్లా క్లినిక్కా?

మానసిక ఆరోగ్యం కోర్సు అయిపోయిందంటే చాలు, జూనియర్ల నుంచి ఒకటే మెసేజ్. "అక్కా, ఎర్రగడ్డల ట్రై చెయ్యాల్నా, టెలిమానస్‌ల చేరాల్నా, జిల్లాల డీఎంహెచ్‌పీ పోస్టు పడితే పోవాల్నా?" ఎర్రగడ్డంటే హైదరాబాద్‌ల ప్రభుత్వ మానసిక దవాఖాన, టెలిమానస్ అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డీఎంహెచ్‌పీ అంటే జిల్లా మానసిక ఆరోగ్య ప్రోగ్రాం. ఒక్కొక్కరికి వాయిస్ నోట్లు పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే రాస్తున్న. నేను మూడు రకాల పనీ చేసిన. కొన్ని నెలల కిందనే హెల్ప్‌లైన్ వదిలేసి జిల్లా క్లినిక్‌కి మారిన, కాబట్టి నా మొగ్గు ఎటో మీకే తెలుస్తది, దాచేదేం లేదు.

జీతం, లీవులు గురించి నేను పెద్దగ చెప్పను. నేను చేసిన మూడూ కాంట్రాక్టే. ఎర్రగడ్డకైతే మెట్రో ఉంది, జిల్లాకైతే నాలెక్క పొద్దున్నే జూబ్లీ బస్టాండుల నిలబడాలె, అంతే తేడా. నా లెక్కల అసలు చూస్కోవాల్సింది ఒక్కటే: కొత్త మనిషిని అడిగి మనం రాసిన కేస్ షీట్ మొదటి పేజీ తప్పో ఒప్పో మనకి తర్వాత తెలుస్తదా, తెల్వదా.

పెద్ద దవాఖాన సైకియాట్రీ ఓపీల సోమవారం పొద్దున చీటీల లైను గేటు దాక ఉంటది. కొత్త కేసుకి మనకు దొరికేది ఇరవై నిమిషాలు, అంతల్నే ఎవరు పట్టుకొచ్చిన్రు, ఎన్నిరోజులాయె, నిద్ర, తిండి, తాగుడు, ఫిట్స్, ఇంట్ల ఇంకెవరికన్న ఉందా, ఇంతకుముందు ఎక్కడెక్కడ తిప్పిన్రు (ముందు దర్గా, తర్వాత బాణామతి తీసేటాయన, తర్వాత ఆర్‌ఎంపీ, ఆఖరుకి మనం) అన్నీ రాబట్టాలె. ఒకరోజు యాభై దాటిన మనిషిని ఇద్దరు కొడుకులు రెక్కలు పట్టుకోని తెచ్చిన్రు. గాలి సోకిందట, నిన్నటి నుంచి నిద్ర లేదట, గోడ మీద చీమలు ఏరుతున్నడట. నా ముందర గూడ అదే పని, టేబుల్ మీది రెక్సిన్ నుంచి ఒక్కొక్కటి పట్టుకోని కింద పారేస్తున్నడు, అక్కడ చీమ లేదు ఏం లేదు. ఇప్పుడు ఎక్కడున్నవు పెద్దనాయనా అంటే "మా బాయి కాడ" అన్నడు. నేను గొప్పగ సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనబడే, వినబడే మానసిక జబ్బు) అని రాసి ఫైల్ లోపలికి పంపిన. సీనియర్ మేడం ఫైల్ తెరవనే లేదు, ముందు చేతులు చాపమన్నరు. గజగజ వణుకుడు, వొళ్లంత చెమట. "ఆఖరుసారి కల్లు ఎప్పుడు తాగిండు?" కొడుకు వేళ్లు లెక్కపెట్టి, మూడు రోజులైతుంది మేడం, ఊర్ల దుకాణం బందైంది అన్నడు.

తాగుడు ఆగిన రెండు మూడు రోజులకి వచ్చే డెలీరియం (ఉన్నట్టుండి తెలివి తారుమారయ్యే స్థితి) అది. మన దిక్కు కల్తీ కల్లుల డైజెపామ్, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలుపుతరని అందరికీ తెల్సిందే, అది ఒక్కసారిగ ఆగితే ఫిట్స్ వస్తయి, పిచ్చి అనుకోని ఊకుంటే ప్రాణం మీదికే వస్తది. 2020 మార్చి చివర్ల లాక్‌డౌన్ పెట్టి వైన్సులు, కల్లు దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డకి జనం ఎట్ల ఎగబడ్డరో గుర్తుంది గదా, అదీ ఇదే. నాకు అందరి ముందర తిట్లు పడ్డయి. పన్నెండు రోజులకి వార్డుకి పోతే ఆయన మంచం మీద కూసోని పేపర్ చదువుతున్నడు, నన్ను గుర్తుపట్టలే. ఇప్పటికీ కొత్త మనిషి ఎదురుంగ కూసోంగనే నేను ముందు చేతులే చూస్త. అరగంటల తప్పు దొరికింది, పన్నెండు రోజుల్ల జవాబు కండ్ల ముందర కనబడ్డది, ఈ రెండూ ఇంకోచోట దొరకవు.

ఇంక హెల్ప్‌లైన్. టెలిమానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది, 14416కి చేస్తే ముందు కౌన్సెలర్ ఎత్తుతరు, వాళ్లతోని కాకపోతే పై అంచెల స్పెషలిస్టుకి పోతది. బస్సు ఛార్జీ పెట్టుకోని పట్నం రాలేనోళ్లకి మంచి ఏర్పాటే, నేను కాదనను. నేను చేసింది వేరే హెల్ప్‌లైన్, పేరెందుకులే. ఫోన్ల చేతులు కనబడవు. "మా ఆయన మందు తాగిండు" అంటది ఒకామె, మన భాషల మందు అంటే క్వార్టర్ సీసా గావచ్చు, పురుగుల మందు గావచ్చు, డాక్టర్ రాసిచ్చింది గావచ్చు. ఎదురుంగ ఉంటే వాసనే చెప్తది, ఫోన్లనైతే ఇంకేం మాట్లాడకముందే ఏ మందమ్మా అని అడగాలె.

ఒకసారి రాత్రి పదకొండున్నరకి అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒకమ్మాయి, రూమ్మేట్లు లేస్తరని బాత్రూంల నుంచి మాట్లాడుతుంది, ఎనక నల్లా చప్పుడు. చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగనే అడిగిన (అడిగితే మనమే ఆలోచన పెట్టినట్టైతదని కొత్తోళ్లు భయపడ్తరు, అట్ల గాదు, అడగకపోవుడే తప్పు). "అనిపిస్తది గానీ..." అన్నది, నల్లా బందైంది, ఫోన్ కట్టైంది. తిరిగి చేస్తే స్విచాఫ్. రిజిస్టర్ల రాసిన, పైవాళ్లకి చెప్పిన, చెయ్యాల్సింది చేసిన. ఆ పిల్ల ఏమైందో ఇవ్వాల్టికీ తెల్వదు, నేను అడిగిన తీరు సరైందో కాదో గూడ తెల్వదు. ఎనిమిది నెలల్ల అసొంటి కాల్స్ ఎన్నో. చెయ్యి తిరిగినోళ్లు తట్టుకుంటరేమో గానీ మొదటి ఉద్యోగంగ మాత్రం నేను వద్దనే అంట.

జిల్లా క్లినిక్ సంగతి వేరు. బళ్లారిల నిమ్హాన్స్ (బెంగళూరుల ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు చేసి చూపిన మోడల్‌తోని 1996ల మొదలైన ప్రోగ్రాం ఇది. ఇక్కడ మనిషి గోలీల కోసమన్న నెల నెలా తిరిగి వస్తది. మాకు ఒకామె ఉంది, తలకాయ నొస్తది, గుండె దడ, ఇంకేం లేదు అంటది, రెండు నెలలు ఇదే పాట. మూడోసారి కోడలు గోలీల కిటికీ కాడికి పోయింది, ఆ నాలుగు నిమిషాల్ల ఈమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, నిరుడు పొలంల మందు తాగిన బిడ్డా అన్నది. కాయితాల్ల పొరపాటున తాగినట్టు రాయించిన్రట, పోలీసు కేసైతదని. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం చచ్చిపోవాలని ప్రయత్నం చేసినోళ్లు తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టే లెక్క, శిక్ష వెయ్యొద్దు అని చెప్తే, అట్లనా అని చాలాసేపు నా మొహమే చూసింది. ఆ రోజే ఆమె ఫైల్ మొదటి పేజీ మళ్ల రాసిన.

కానీ ఇక్కడ ఎనక నిలబడే సీనియర్ ఉండరు, డాక్టర్ వచ్చే రోజు దాక మనమే. గోలీలు అయిపోయినయని తిప్పి పంపిన రోజులు గూడ ఉన్నయి, అప్పుడు మనకే తల ఎత్తబుద్ధి కాదు. ఆ కల్లు పెద్దనాయన మొదటిసారి ఇక్కడికే వచ్చుంటే నేనేం చేసేదాన్నో తల్చుకుంటే భయమైతది. అందుకే ముందు ఒకటిన్నర, రెండేండ్లు ఓపీల తిట్లు తిని తర్వాత జిల్లాకి రండి అంట. గాంధీ, ఉస్మానియా ఓపీలు గూడ ఓపీలే, దొరికితే చేరండి. స్కూల్ కౌన్సెలర్ ఉద్యోగం అడిగినోళ్లకి నా దగ్గర జవాబు లేదు, చెయ్యలే.

ఇల్లు గడవాలె, హెల్ప్‌లైనే దొరికింది అంటే చేరండి, నేను ఆపను. ఎక్కడైన సరే ఇంటర్వ్యూల మాత్రం నేను రాసిన కేస్ షీట్ ఎవరు చదువుతరు, ఎప్పుడు చదువుతరు అని అడగండి. నన్ను హెల్ప్‌లైన్‌ల తీసుకున్నప్పుడు నేను అడగలే, చేరినంక అడిగితే, ఫైల్ అయితది మేడం అన్నరు.