లేహ్ చలికాలంలో ఎలక్ట్రిక్ కారు: దారులు, బసలు, ప్లగ్ పాయింట్లు

ఉద్యోగరీత్యా లేహ్‌లో ఉంటున్న మాకు చలికాలపు ప్రయాణాలన్నీ సొంత ఎలక్ట్రిక్ కారులోనే. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో చలికి ట్యాంకులోని డీజిల్ పేరుకుపోతే బండి కింద మంట పెట్టి కాచుకోవలసి వచ్చేది; మైనస్ 33 డిగ్రీల దాకా పేరుకోని డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్‌కు తెచ్చాక ఆ బాధ తగ్గింది. ఎలక్ట్రిక్ కారుకు ఆ తిప్పలు లేవు, గాలి పలచబడినా మోటారు బలం తగ్గదు. అయితే కారు రాత్రి ఎక్కడ నిలిచింది, అక్కడి కరెంటు ఎలాంటిది అన్నదాన్ని బట్టే మర్నాటి ప్రయాణం ఉంటుంది. అందుకే బసను ఎంచుకునేటప్పుడు గది కంటే ముందు ప్లగ్ పాయింటు చూడటం మాకు అలవాటైంది.

మొదటిసారి వెళ్లేవారికి సింధునది వెంట పడమటి దారినే సూచిస్తాను. నిమ్ము దగ్గర జంస్కార్ నది సింధులో కలిసే చోటు చూసుకుని అల్చి వరకు వెళ్లి, మధ్యలో ఛార్జింగ్ అవసరం లేకుండానే లేహ్‌కు తిరిగి రావచ్చు. అల్చి మఠంలోని పాత కుడ్యచిత్రాలను వేసవి రద్దీ లేనప్పుడు తీరిగ్గా చూడటం గొప్ప భాగ్యం. శ్రీనగర్ నుంచి 220 కిలోవోల్టుల లైను 2019లో లేహ్‌కు చేరింది, అల్చి దగ్గరే 45 మెగావాట్ల నిమ్మో-బాజ్గో జలవిద్యుత్ కేంద్రమూ ఉంది. మేము దిగిన ఇంట్లో కరెంటు రాత్రంతా నిలకడగా వచ్చింది.

నుబ్రా లోయ సంగతి వేరు. దాదాపు 1,600 కిలోల కారును లేహ్ నుంచి, నుబ్రా దారిలో ఉన్న 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమ మీదికి చేర్చడానికి, రోడ్డు రాపిడి, హీటరు ఖర్చు కలపకుండానే, సుమారు 8 యూనిట్లు కావాలి. 40 యూనిట్ల బ్యాటరీలో అది అయిదో వంతు. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత తిరిగి ఇవ్వాలి గానీ, బ్యాటరీ చల్లబడి ఉంటే ఆ కరెంటును సరిగా తీసుకోదు. పైగా ఆ బ్రేకింగ్ మా కారులో ముందు చక్రాల మీదే పడుతుంది కనుక, మంచు గట్టిపడిన మలుపుల్లో దాన్ని తక్కువలో పెట్టి, గొలుసులు కట్టిన చక్రాలతో మెల్లగా దిగడమే క్షేమం.

నుబ్రాలోని దిస్కిత్‌లో మొదట దిగిన గెస్ట్‌హౌస్‌లో గది వెచ్చగా ఉంది, గదిని వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి బాగా మండుతోంది, భోజనానికీ వంక పెట్టలేము. అయితే ఛార్జర్ తగిలించగానే ఎర్రదీపం వెలిగింది. ఎర్తింగ్ లేదు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడు ఇనుప కడ్డీ పాతినా ఎర్తింగ్ సరిగా అందదు. మర్నాడు మారిన హోమ్‌స్టేలో గది చిన్నది, నీళ్ల గొట్టాలు గడ్డకట్టడంతో బకెట్లే గతి. అయినా నా లెక్కలో అదే మేలైన బస. ఆ ఇంటి అబ్బాయి ఎర్తింగ్ కడ్డీని ఆకుకూరలు పెంచే గ్రీన్‌హౌస్ లోపల పాతాడు. రోజూ నీళ్లు పోసే ఆ మట్టి తడిగా, వెచ్చగా ఉంటుంది. ఛార్జర్ మీద పచ్చదీపం వెలగగానే, ఆ అబ్బాయి తల్లితో "ఆమా-లే (అమ్మగారూ), మీ పాలకూర మా కారును బతికించింది" అంటే ఆమె ఎంతో సంతోషించారు. వోల్టేజీ తక్కువగా ఉన్నందున 10 ఆంపియర్లకు తగ్గించి పెట్టాము. బ్యాటరీని వెచ్చబెట్టడానికి పోయినది పోగా, రాత్రంతా పెడితే సగం బ్యాటరీ నిండింది. అందుకే నుబ్రాలో రెండు రాత్రులకు తక్కువ కాకుండా బస పెట్టుకోవాలి. యూనిట్ల లెక్క చూసి డబ్బు విడిగా ఇవ్వడం మరవకూడదు, ఎందుకంటే ఆ కుటుంబాలకు చలికాలపు కరెంటు చాలా విలువైనది.

పాంగాంగ్ సరస్సుకు మాత్రం ఈ కారులో చలికాలంలో వెళ్లవద్దనే చెబుతాను. దారిలోని చాంగ్ లా కనుమ ఎత్తూ తక్కువది కాదు. సరస్సు ఒడ్డున మేము విచారించిన ఇళ్లలో కరెంటు సాయంత్రం కొన్ని గంటలే ఉంటుందన్నారు. అక్కడికి టాక్సీలో వెళ్లాము.

లేహ్‌లో మేము వాడిన ఫాస్ట్ ఛార్జర్ ఒకటి పనిచేసిన రోజుల్లో మేలు చేసింది, పనిచేయని రోజుల్లో ఫోను చేసినా పలికేవారు లేరు. బయలుదేరే ముందురోజే అక్కడికి వెళ్లి చూసుకోవాలి. వీలైతే ఇంట్లోనే రాత్రి ఛార్జింగ్ పెట్టి, తెల్లవారుజామున అది పూర్తయ్యేలా సమయం అమర్చుకుంటే బ్యాటరీ వెచ్చగా ఉండగానే రోడ్డెక్కవచ్చు.