మా కాలేజీ స్టూడెంట్ సపోర్ట్ సెంటర్: జూనియర్ల కోసం ఒక రివ్యూ

ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరినవాళ్లు ట్యూటరింగ్, కౌన్సెలింగ్ ఇచ్చే మా సపోర్ట్ సెంటర్ గురించి అడుగుతున్నారు. తప్పకుండా వెళ్లండి. అదీ మొదటి పరీక్షకు ముందే వెళ్లండి.

నేను చేరినప్పుడు ఆ సెంటర్ ఇలా ఉండేది కాదు. ట్యూటర్ కావాలంటే ఫారం నింపాలి, అడ్వైజర్ సంతకం తేవాలి, కౌంటర్‌లో ఇచ్చి ఈమెయిల్ కోసం చూడాలి. అది వచ్చేసరికి పరీక్ష అయిపోయేది. ఎవరైనా ఫెయిలైతే "పిల్లలు రారండీ, మేమేం చేస్తాం" అనేవాళ్లు.

తర్వాత ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ మేడమ్ ఒకరు బాధ్యత తీసుకున్నారు. ఫ్యాక్టరీల కోసం మాకు క్లాసులో చెప్పే పద్ధతులనే అక్కడ పెట్టారు. ముఖ్యమైనది పీడీసీఏ, అంటే ప్లాన్, డూ, చెక్, యాక్ట్. అమెరికాకు చెందిన క్వాలిటీ నిపుణులు ఇద్దరిలో, షూహార్ట్ ఆలోచనల నుంచి వచ్చి, డెమింగ్ ద్వారా ప్రచారం పొందిన పద్ధతి ఇది. ఒక చిన్న మార్పు అనుకుని కొద్దిమందితో చేసి చూస్తారు. పనిచేస్తే అందరికీ పెడతారు, లేదంటే మళ్లీ మొదటికొచ్చి ఆలోచిస్తారు.

మొదటి మీటింగ్‌కి విద్యార్థుల తరఫున నేనూ వెళ్లాను. టయోటావాళ్లు వాడిన "ఐదుసార్లు ఎందుకు" పద్ధతిలో బోర్డు మీద రాస్తూ పోయారు. ట్యూటరింగ్‌కు ఎందుకు రావట్లేదు? టైం కుదరట్లేదు. ఎందుకు కుదరట్లేదు? అన్ని స్లాట్లూ మధ్యాహ్నమే, అప్పుడు ఫస్టియర్ వాళ్లకి ల్యాబ్‌లు. మరి మధ్యాహ్నమే ఎందుకు పెట్టారు? ట్యూటర్లకు ఖాళీ అప్పుడే. స్లాట్లు వేసేటప్పుడు ఫస్టియర్ టైమ్‌టేబుల్ ఎందుకు చూడలేదు? చూడాలని ఏ కాగితం మీదా లేదు, అది ఎవరి పనీ కాదు. అంతవరకూ పిల్లల బద్ధకం అనుకున్నదంతా ఆఫీసు పద్ధతిలో లోపమని తేలింది. నాకు ఆ సెంటర్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఒక్క సెక్షన్‌కి సాయంత్రం స్లాట్లు పెట్టి చూశారు, జనం వచ్చారు, అందరికీ పెట్టారు. అడ్వైజర్ సంతకం అక్కర్లేదన్నారు. రోజూ గుర్తుచేసే మెసేజ్‌లు కూడా పెట్టి చూశారు, వాటివల్ల తేడా రాలేదు, ఆపేశారు. ఇవన్నీ తలుపు పక్క బోర్డు మీద ఉంటాయి: మీరు అడిగింది, మేం చేసింది, ఫలితం. పనిచేయనివి కూడా చెరపరు. గుర్తింపు సంస్థలకు చూపించే ఫైల్లో మాత్రమే ఉండే మెరుగుదలకీ దీనికీ చాలా తేడా ఉంది.

ట్యూటరింగ్‌లో నాకు బాగా నచ్చింది సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్. 1973లో మిస్సోరి యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో మొదలైన పద్ధతి ఇది. వెనకబడిన విద్యార్థుల్ని వేరుచేయకుండా, ఎక్కువమంది ఫెయిలయ్యే సబ్జెక్టుని పట్టుకుంటుంది. క్లాసులో అందరూ రావచ్చు కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ సబ్జెక్టు బాగా చదివిన సీనియర్ మళ్లీ మనతోపాటు లెక్చర్‌లో కూర్చుని, తర్వాత గ్రూపుగా చేయిస్తారు. మెకానిక్స్‌లో ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే ఒక వస్తువు మీద పడే బలాలన్నీ బాణాలతో చూపించే బొమ్మ, నాకు అలాగే వచ్చింది. గీసిన ప్రతి బాణానికీ "ఈ బలం ఏ వస్తువు వేస్తోంది?" అని అడిగేవారు ఆ సీనియర్ అక్క. జవాబు లేని బాణాన్ని కొట్టేయించేవారు. ఆన్సర్ మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

కౌన్సెలింగ్ విషయంలో మాత్రం నాకు బాధ ఉంది. వెయిటింగ్ తగ్గించడానికి సెషన్‌ని అరగంటకు కుదించారు. క్యూ తగ్గిన మాట నిజమే. కానీ ఇంటి సమస్యలతో, బ్యాక్‌లాగ్‌ల టెన్షన్‌తో వెళ్లిన నా ఫ్రెండ్ అప్పుడప్పుడే నోరు విప్పుతుంటే టైం అయిపోయింది. తర్వాతివాళ్లు బయట ఉన్నారని లేచి వచ్చేసింది. మొదటి అపాయింట్‌మెంట్‌కు ఎన్నాళ్లు పడుతోందో కొలవండి, మళ్లీ రావాలనిపించిందో లేదో అడగండి. మనిషి మాట్లాడే సమయాన్ని కోసి వెయిటింగ్ సగటు తగ్గించడం మెరుగుదల కాదు. బోర్డు మీద ఇదే రాశాను. "పరిశీలిస్తున్నాం" అన్న జవాబు దగ్గరే అది ఆగి ఉంది. ఇంకొకటి, వాళ్ల లెక్కలన్నీ వచ్చినవాళ్లవే. సాయంత్రాలు ఉద్యోగం చేసుకునేవాళ్లు అసలు ఆ లెక్కల్లోకే రారు. వాళ్లను క్లాసులకు వెళ్లి అడగాలి.

పరీక్షల ముందు వారం స్లాట్లు దొరకవు. సెమిస్టర్ రెండో మూడో వారంలో వెళ్లండి, మీరు ఎక్కడ ఆగిపోయారో ఆ కాగితం తీసుకెళ్లండి. ట్యూటరింగ్‌కు ఐదుకు ఐదు. కౌన్సెలింగ్‌కు మూడు, సమయం పెంచితే ఈ మార్కు మారుస్తాను.